బానెట్ కింద తొమ్మిది ఉండలు

గల్ఫ్ వచ్చిన పదేళ్లలో నా చేతి చపాతీ ఒకే ఒక్కసారి పొంగింది. అది కూడా పొయ్యి మీద కాదు! ఎక్కడ పొంగిందో చెప్తే నవ్వుతారు. నవ్వండి, పర్లేదు. మా గ్యారేజీ నవ్వింది, మా రూం నవ్వింది, ఫోన్లో మా ఆవిడ అయితే నవ్వి నవ్వి ఊపిరాడక కాల్ కట్ చేసింది. ఇక మీరే మిగిలారు. టీ తాగుతూ వినండి.

నా పేరు గంగారాం. జగిత్యాల దగ్గర పల్లె మాది. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో పని. ఊళ్లో నన్ను 'దుబాయ్‌ల ఇంజిన్ మెకానిక్' అంటారు. నిజం ఏంటంటే, మొన్నటిదాకా ఆ గ్యారేజీలో నా చోటు ఒక గుంట. అవును, గుంటే! కారు పైన వచ్చి ఆగుతుంది. కింద గుంటలో నేను నిలబడి పాత ఆయిల్ దించుతాను, కొత్త ఫిల్టర్ బిగిస్తాను, 'యల్లా', అంటే పోనియ్, అని అరుస్తాను, ఇంకో కారు వస్తుంది. పదేళ్లలో కొన్ని వేల కార్ల కడుపులు చూశాను. వాటి మొహాలు మాత్రం మధ్యాహ్నం అన్నం టైములో తప్ప చూడలేదు.

ఇంజిన్ పని నాకు రాదని కాదు. ఖాళీ దొరికితే పెద్ద ఫిట్టర్ పక్కన నిలబడి అన్నీ నేర్చుకున్నాను. కానీ గుంటలో వాడిని ఎవరు పైకి పిలుస్తారు చెప్పండి?

ఈ చలికాలంలో ఒకరోజు హమద్ అనే అరబ్బు ఆయన ఒక కారును లారీ మీద వేసుకుని తెచ్చాడు. యాభై ఏళ్లు దాటిన అమెరికా కారు. ముదురు ఆకుపచ్చ రంగు. తలుపులు రెండే. బానెట్ మాత్రం ఎంత పొడవంటే, దాని మీద ఇద్దరు కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. అబ్బ, ఏం అందం! నేను గుంటలోంచి తల బయటపెట్టి అలాగే చూస్తూ ఉండిపోయాను.

"ఇంజిన్ ఖలాస్," అన్నాడు హమద్ మా ముదీర్‌తో. ముదీర్ అంటే మేనేజరు, మలయాళీ ఆయన. "బ్లాక్ పగిలిపోయింది. అమెరికా నుంచి తెప్పించే ఓపిక నాకు లేదు. జపాన్ ఇంజిన్ పెట్టండి. పర్మిషన్ కాగితాలు నేను చూసుకుంటాను. ఇది మా బాబా కారు, మా నాన్నది. బాబా చాలా రోజులుగా ఆస్పత్రిలో ఉన్నారు. ఇంటికొచ్చాక ఒక శుక్రవారం ఇదే కార్లో ఆయన్ని ధైద్‌లో ఉన్న మా తోటకు తీసుకెళ్లాలి. మూడు వారాలు టైము."

ముదీర్ తలూపాడు. హమద్ బానెట్ మీద చెయ్యి పెట్టి ఇంకో మాట అన్నాడు. "ఈ బానెట్‌ను మాత్రం కోయొద్దు. గీత కూడా పడొద్దు. ముప్పై ఏళ్లు బాబా దీన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, తన చేత్తోనే తుడిచారు."

ఆయన వెళ్లాక ముదీర్ నుదురు కొట్టుకున్నాడు. ఎందుకంటే మా పెద్ద ఫిట్టర్ నడుం పట్టేసి అంతకు ముందు వారమే ఊరెళ్లిపోయాడు. ముదీర్ అటు చూశాడు, ఇటు చూశాడు. నేను గుంటలోంచే చెయ్యెత్తాను.

"సార్, నేను చేస్తా!"

గ్యారేజీ మొత్తం కిందికి చూసింది. ముదీర్ గుంట అంచున వచ్చి కూర్చున్నాడు.

"గంగారాం, సరిగ్గా విను. శుక్రవారం ఆ ముసలాయన ఈ కారు ఎక్కితే, ఆ రోజు నుంచి నువ్వు ఇంజిన్ మేస్త్రివి. ఎక్కలేకపోయినా, బానెట్‌కు బ్లేడు తగిలినా మళ్లీ గుంటలోకే. ఇక జన్మలో చెయ్యెత్తొద్దు. మంజూర్?"

"మంజూర్!" అన్నాను. అని ఊరుకున్నానా? సాయంత్రం మా ఆవిడకు ఫోన్ చేసి 'ఇంజిన్ మేస్త్రి అయిన' అని చెప్పేశాను. ఆమె మా అత్తకు చెప్పింది. మా అత్తకు చెప్తే ఇక మండలానికి చెప్పినట్టే. మర్నాటికల్లా ఎవరెవరో అభినందనలు పెడుతున్నారు. ఇక వెనక్కి పోయే దారి లేదన్నమాట.

ఇప్పుడు కొలత సంగతి. ఇక్కడే నా కొంప మునిగింది.

మా నాయన వడ్రంగి. జన్మలో టేపు పట్టుకోలేదు. జానతో కొలిచి దర్వాజాలు చేసేవాడు, తలుపు బిగిస్తే కాగితం దూరేది కాదు. నాకూ అదే అలవాటు, అదే పొగరు. కారు ముందు ఒంగి, ఇంజిన్ కూర్చునే చోటు అడుగు నుంచి బానెట్ లోపలి రేకు దాకా జానలు వేశాను. మూడు జానలు, మీద రెండు వేళ్లు. తర్వాత లచ్చన్నకు ఫోన్ కొట్టాను. లచ్చన్న మా ఆవిడ తమ్ముడు. ఇక్కడే స్క్రాప్ మార్కెట్లో పాత జపాన్ ఇంజిన్లు దించే పని చేస్తాడు.

"లచ్చన్నా, ఆరు సిలిండర్ల ఇంజిన్ ఒకటి మంచిది ఉందన్నవ్ గద. ఎత్తెంతున్నది రా? జాన ఏసి చెప్పు."

రెండు నిమిషాలాగి చెప్పాడు. "సరిగ్గ మూడు జానలు బావా. ఒక్క ఏలు గూడ ఎక్కువ లేదు."

"గంతేనా? అయితే పంపియ్!"

రెండు వేళ్ల సందు మిగులుతుందని లెక్క. ఇంజిన్ వచ్చింది. బంగారంలా ఉంది. పాత అమెరికా ఇంజిన్ వెడల్పుగా, బాసింపట్టు వేసుకుని కూర్చున్నట్టు ఉండేది. ఈ జపాన్‌ది సన్నగా, నిలువుగా ఉంది. ఇంజిన్‌ను పట్టుకునే దిమ్మలు, అంటే మౌంటింగులు చేశాను, గేర్‌బాక్స్ కలిపాను, వైరింగ్ మొత్తం విప్పి ఒక్కో తీగకూ చీటీ కట్టాను. పన్నెండు రోజులు. మిగతా గుంటల్లో వాళ్లు కిందనుంచి చూస్తున్నారు, నేను పైన నిలబడి ఇంజిన్‌ను చైన్ మీద దించుతున్నాను. నా జీవితంలో అంత గొప్పగా ఎప్పుడూ అనిపించలేదు, నిజంగా.

ఇంజిన్ కూర్చుంది. బోల్టులు బిగించాను. అందరూ చుట్టూ చేరారు. బానెట్ దించాను.

ఠంగ్!

పడలేదు. ఇంకోసారి దించాను. ఠంగ్! ఇంజిన్ నెత్తి పైకి పొడుచుకొచ్చి బానెట్‌ను మోస్తోంది. ముందు నుంచి చూస్తే జానెడు సందు, ఎవరి జాన అయినా సరే! ఎవరో వెనకనుంచి కిసుక్కుమన్నారు.

లచ్చన్నను పిలిపించాను. పరుగెత్తుకుంటూ వచ్చాడు. "నువ్ జాన ఏసినవా, ఏం జేసినవ్ రా?" అని అరిచాను.

"ఏసిన బావా! ఒట్టు! మా అక్క మీద ఒట్టు!" అని ఇంజిన్ పక్కన చెయ్యి చాపి చూపించాడు.

అప్పుడు చూశాను ఆ చెయ్యిని. పెళ్లై పద్నాలుగేళ్లయింది, బామ్మర్ది చెయ్యి ఎంతుందో అప్పుడు చూశాను! నా చెయ్యి పక్కన పెడితే ఒక్కో జానకు అంగుళం పైనే తేడా. అది చెయ్యా, చేటా? మూడు జానలకు మూడంగుళాలు. మా నాయన తన దర్వాజా తన చేత్తోనే కొలుచుకునేవాడు కాబట్టి సరిపోయేది. నేనేమో దర్వాజా ఒక చేత్తో, తలుపు ఇంకో చేత్తో కొలిపించాను.

ముదీర్ వచ్చి చూశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"బానెట్ మధ్యలో కోసి, పైన గాలిగూడు లాంటి రేకు డబ్బా బిగిద్దాం. అందరూ చేసేది అదే. హమద్‌కు నేను నచ్చజెప్తాను," అన్నాడు.

"వద్దు సార్."

"మరి ఎలా?"

"దింపుతా సార్. ఇంజిన్‌నే కిందికి దింపుతా. బానెట్ జోలికి పోవద్దు."

"శుక్రవారానికి ఇంక వారమే ఉంది, గంగారాం."

"తెలుసు సార్."

అలా అన్నానే గానీ ఎలా దింపాలో నాకే తెలియదు. కానీ ఆ బానెట్‌ను కోయడం అనే మాట నాకు మింగుడు పడలేదు. ముప్పై ఏళ్లు ఒక మనిషి తన చేత్తో తుడుచుకున్న రేకది. నా వెధవ జాన తప్పినందుకు దాన్ని కోస్తారా? గుంటలోకి పోతే పోయాను, కోయనివ్వను అనుకున్నాను.

ఇంజిన్ మళ్లీ బయటికి తీశాను. మౌంటింగులు కోసి కిందికి మార్చాను. మళ్లీ దించాను. ఈసారి కింద తగిలింది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి ఉంటుంది, సంపు అంటాం. ఆ సంపు ముందు భాగం లోతు. అది వెళ్లి కారు ముందు చక్రాల మధ్య ఉండే ఇనుప దూలం మీద కూర్చుంది. ఇక అంగుళం కూడా దిగనంటోంది.

కారు కింద వెల్లకిలా పడుకుని దాన్నే చూస్తున్నాను. చూస్తుంటే ఏదో తెలిసిన మొహంలా అనిపించింది. పదేళ్లు నేను చూసింది ఇవే కదా, సంపులే కదా! ఏ బండి సంపు ముందు లోతు, ఏ బండిది వెనక లోతు, నట్టు ఎటు తిరుగుతుంది, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇదే ఇంజిన్‌ను జపాన్ వాళ్లు ఒక వ్యానులో కూడా పెట్టారు. ఆ వ్యానుకు సంపు లోతు వెనకవైపు! ఎన్నిసార్లు దాని ఆయిల్ నా చేతుల మీద కారిందో!

కారు కిందనుంచే లచ్చన్నకు ఫోన్ చేశాను. "ఆ వ్యాన్ సంపు దొరుకుతదా?"

"దొరుకుతది బావా. ఎంతుండాలె? జాన..."

"జాన పేరెత్తితె సంపుత! టేపు తీస్క!"

సంపు వచ్చింది. బిగించాను. ఇంజిన్ హాయిగా కిందికి దిగి కూర్చుంది. బానెట్ పడింది! మెత్తగా, ఇంటి తలుపు వేసినంత మెత్తగా పడింది. గుంటల్లో వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. అప్పటికి సోమవారం.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. బానెట్ పడితే సరిపోదు. ఇంజిన్ నడిచేటప్పుడు అటూ ఇటూ ఊగుతుంది. లోపల కనీసం వేలెడు సందైనా లేకపోతే ఊగినప్పుడల్లా బానెట్‌ను లోపల్నుంచి కొడుతుంది, పైకి బొడిపె వస్తుంది. బానెట్ మూశాక లోపల సందు ఎంతుందో ఎలా తెలుస్తుంది? తల పెట్టి చూడలేం కదా. ఫోన్లో ఒక వీడియో చూశాను. అందులో మెకానిక్కులు పిల్లలు ఆడుకునే బంకమట్టి ఉండలు చేసి ఇంజిన్ మీద పెట్టి, బానెట్ మూసి తెరుస్తారట. ఉండ ఎంత మందం మిగిలితే అంత సందు అన్నమాట. భలే ఉపాయం! కానీ ఇండస్ట్రియల్ ఏరియాలో పిల్లల బంకమట్టి ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు మా రూం గురించి చెప్పాలి. అల్ నహ్దాలో ఒక రూంలో ఆరుగురం ఉంటాం. వంట వంతులవారీగా. ఆ వారం సోమ, మంగళ, బుధ నా వంతు. చలికాలం రాత్రుళ్లు మాకు చపాతీ. నేను పొద్దున్నే పిండి కలిపి ఫ్రిజ్‌లో పెట్టి పనికి వస్తాను, సాయంత్రం వెళ్లి కాలుస్తాను. నా చపాతీల గురించి చెప్పాను కదా, పొంగవు. మా రూంలో సత్తిబాబు అని కోనసీమ ఆయన ఉన్నాడు, ఏసీ మెకానిక్. నేను చపాతీ వడ్డించిన ప్రతిసారీ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి లైటుకు ఎదురుగా పట్టుకుంటాడు.

"ఏవండీ గంగారాం గారూ, ఇది చపాతీయాండీ, గాస్కెట్టాండీ? మా కంప్రెసర్‌కి పనికొచ్చేలా ఉందండి, ఇచ్చేయండి బాబూ."

గాస్కెట్! ఆ మాట గుర్తొచ్చింది నాకు. వెంటనే సైకిలెక్కి రూంకు పోయి ఫ్రిజ్‌లోంచి పిండి డబ్బా ఎత్తుకొచ్చాను. ఆరుగురి రాత్రి తిండి! నిమ్మకాయంత ఉండలు తొమ్మిది చేశాను. అంటుకోకుండా పొడిపిండి చల్లాను. ఇంజిన్ నెత్తి మీద అక్కడక్కడా పెట్టాను. బానెట్ మూశాను, నొక్కాను, తెరిచాను. ఉండలన్నీ బిళ్లల్లా అణిగి ఉన్నాయి. ఒక్కోదాన్ని టేపుతో కొలిచాను. అవును, టేపుతోనే! వెనకవైపు బాగుంది, ముందు వైపు మాత్రం కాగితమంత పల్చన. అంటే ఇంకా దింపాలి.

మంగళవారం ఇంకొంచెం దింపాను, మళ్లీ ఉండలు. బుధవారం మౌంటింగు కొంచెం వాల్చాను, మళ్లీ ఉండలు. మూడు రాత్రులు మా రూం అంతా కొట్లోంచి తెచ్చిన కుబూస్ రొట్టెలు తిన్నారు.

"ఏంటండీ ఇది?" అన్నాడు సత్తిబాబు. "పిండి కలుపుతున్నారు, చపాతీ రావట్లేదు. ఏం చేస్తన్నారండీ దాన్ని?"

"కార్ల పెడుతున్న."

సత్తిబాబు కుబూస్ ఇంకో ముక్క తుంచుకున్నాడు. "సర్లెండి. గాస్కెట్టుగా పెడతన్నారేమో, అయితే ఇంకాస్త గట్టిగా కలపండి," అని కుబూస్ నములుతూ పడుకున్నాడు.

బుధవారం సాయంత్రం ఇంజిన్ స్టార్ట్ చేశాను. ఒక్కసారికే! గుర్రుమంది. ఆ శబ్దం విని నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, దాచుకోవడానికి ఆయిల్ గుడ్డతో మొహం తుడుచుకున్నాను, అది ఇంకో తప్పు. గురువారం గాలి ఫిల్టరు, దాని పైపు పైన బిగించాను. పైపు కొత్తగా వచ్చింది కాబట్టి ఆఖరిసారి ఇంకో పరీక్ష. మిగిలిన పిండితో తొమ్మిది ఉండలు. బానెట్ మూశాను, నొక్కాను, తెరిచాను. ప్రతి చోటా వేలెడు సందు! అంతా సరిగ్గా ఉంది!

సంబరంగా ఉండలు ఏరి డబ్బాలో వేస్తున్నాను. లచ్చన్న పక్కనే ఉన్నాడు, చూడ్డానికి వచ్చాడు.

"బావా, తొమ్మిది గద పెట్టింది?"

"ఔ."

"డబ్బల ఎనిమిదే ఉన్నయ్."

ఇంజిన్ మీద చూశాను. లేదు. కింద చూశాను. లేదు. మా గ్యారేజీలో ఒక పిల్లి తిరుగుతుంటుంది.

"పిల్లి ఎత్కపోయింటది తియ్," అన్నాను.

"అది శాపలు దప్ప ముట్టది గద బావా?"

"ఆకలైతె అన్ని ముడ్తది. నువ్ నడువ్ రా!"

ఒక్క నిమిషం వంగి బానెట్ లోపలి వైపు చూసి ఉంటే అయిపోయేది. చూడలేదు. పని గెలిచిన వాడికి మెడ వంగదు మరి.

శుక్రవారం పొద్దున. హమద్ వాళ్ల నాన్నను తీసుకుని గ్యారేజీకి వచ్చాడు. కాళ్ల దాకా తెల్లటి కందూరా, అదే అరబ్బుల అంగీ, చేతిలో కర్ర, సన్నటి మనిషి. ఒకప్పుడు బొంబాయితో వ్యాపారం చేశారట, హిందీ గడగడా మాట్లాడతారు. ఆయన కారు దగ్గరికి వచ్చి బానెట్ మీద అరచెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా నిమిరారు. ఎక్కడైనా అతుకు ఉందేమో వెతుకుతున్నారని నాకు తెలుసు.

"కోయలేదు," అన్నారు పెద్దాయన.

"లేదు బాబా," అన్నాను.

"మేస్త్రి ఎవరు?"

ముదీర్ నా వైపు వేలు చూపించాడు. మేస్త్రి! ఆ మాటకు నా ఛాతీ ఎంత వెడల్పయిందో జానతో కొలవడానికి లచ్చన్న చెయ్యి కూడా సరిపోదు.

"నువ్వు కూడా ఎక్కు గంగారాం. దారిలో ఏదైనా అయితే చూసుకోవాలి," అన్నాడు ముదీర్. నేను వెనక సీట్లో కూర్చున్నాను. చేతిలో టూల్ సంచి, కాళ్ల దగ్గర మంటలార్పే సిలిండరు. పెద్దాయన ముందు సీట్లో, హమద్ స్టీరింగ్ దగ్గర. కారు బయల్దేరింది. ఎంత మెత్తగా పోతోందో! ఎడారి మొదలైంది, అటూ ఇటూ ఎర్ర ఇసుక. హమద్ అద్దంలో నన్ను చూసి నవ్వాడు. మెల్లగా నాతో అన్నాడు, "బాబా ఆస్పత్రి నుంచి వచ్చాక సరిగ్గా తినడం లేదు. దేనికీ రుచి లేదంటున్నారు. తోటకు వెళ్తేనైనా మారతారేమో."

ఇరవై నిమిషాలు పోయాయి. పెద్దాయన ముక్కు ఎగబీల్చారు.

"హమద్, నాష్తా తెచ్చావా?"

"లేదు బాబా. మీరు వద్దన్నారు కదా."

"మరి రొట్టె వాసన?"

నేను కూడా ఎగబీల్చాను. అవును. రొట్టె వాసనే! కమ్మగా, అచ్చంగా పెనం మీద కాలుతున్న చపాతీ వాసన. బయటి గాలి వచ్చే సందుల్లోంచి నేరుగా లోపలికి వస్తోంది. తొమ్మిది! ఎనిమిది! పిల్లి!

"పక్కన ఏదైనా హోటల్ ఉందేమో," అన్నాను. చుట్టూ ఇసుక తప్ప ఏమీ లేదు. దూరంగా రెండు ఒంటెలు ఉన్నాయి.

కాసేపటికి కమ్మటి వాసన మాడు వాసన అయింది. బానెట్ అంచు నుంచి సన్నగా పొగ లేచింది. హమద్ "యా అల్లా!" అని కారు పక్కకు లాగి ఆపాడు. "ఇంజిన్ కాలుతోంది! బాబా, దిగండి!"

నేను సిలిండరు పట్టుకుని బయటికి దూకాను. ఏం చూస్తామో నాకు తెలుసు. మూడు వారాల కష్టం, మేస్త్రి అన్న మాట, మా అత్త మండలమంతా పంచిన అభినందనలు, అన్నీ ఆ రేకు కిందే ఉన్నాయి. పారిపోదామంటే ఎడారి. సరే, పెట్టింది నేనే, తెరిచేదీ నేనే అనుకున్నాను. బానెట్ ఎత్తాను.

అక్కడ ఉంది. పొగగొట్టం మొదట్లో వేడి ఆపడానికి నేనే కొత్తగా బిగించిన తళతళలాడే రేకు మీద! బానెట్ లోపల అంటుకుని ఉండి, వేడెక్కగానే ఊడి దాని మీద పడిందన్నమాట. గుండ్రంగా, రెండు వైపులా గాలి పట్టి, పొంగి, బంతిలా... ఒక అంచు మాత్రం మాడి పొగలు కక్కుతోంది. నా చపాతీ! పొంగింది!

హమద్ వచ్చి వంగి చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ దాన్ని చూశాడు. "ఇది... ఏ పార్ట్?"

అబద్ధం చెప్పొచ్చు. ఏదో గాస్కెట్ అనొచ్చు, సత్తిబాబు సర్టిఫికెట్ ఉండనే ఉంది. కానీ నాకు నోరు రాలేదు. మొత్తం చెప్పేశాను. జానల సంగతి, బామ్మర్ది చెయ్యి సంగతి, ముదీర్ కోద్దామంటే నేను వద్దన్న సంగతి, బంకమట్టి దొరక్క పిండి ఉండలు పెట్టిన సంగతి, ఎనిమిది ఏరి తొమ్మిదోది పిల్లి మీద వేసిన సంగతి. హిందీలో మొదలుపెట్టి తెలుగులో ముగించాను. వాళ్లకు ఎంత అర్థమైందో నాకు తెలియదు.

హమద్ మొహంలో కోపమో ఏమిటో తేలలేదు. పెద్దాయన కర్ర పొడుచుకుంటూ వచ్చారు. చేతి రుమాలు తీసి, ఆ చపాతీని పట్టుకుని ఎత్తారు. మాడిన అంచు తుంచి ఇసుకలో పడేశారు.

"బాబా, వద్దు! అది ఇంజిన్ మీది!" అని నేను అరిచాను. హమద్ కూడా అరిచాడు.

"చిన్నప్పుడు మేం ఇదే ఎడారిలో బూడిదలో రొట్టె కాల్చుకుని, ఇసుక దులుపుకుని తిన్నాం," అన్నారాయన. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నారు. కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలారు. ఇంకో ముక్క తుంచారు. ఇంకొకటి. మొత్తం తినేశారు!

హమద్ అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నవ్వా, ఏడుపా అంటే రెండూ అనుకుంటాను. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "బానెట్ మూసెయ్, మేస్త్రి," అన్నాడు. మూసేముందు ఈసారి మెడ వంచి, లోపల అంతా రెండుసార్లు చూశాను.

మేస్త్రి పదవి నాదే. నా గుంటలోకి వేరేవాడు వచ్చాడు. కానీ పేరు మాత్రం 'ఇంజిన్ మేస్త్రి' అని నిలబడలేదు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఎవరినడిగినా ఇప్పుడు నన్ను 'చపాతీ మేస్త్రి' అంటారు. పని ఇవ్వడానికి వచ్చేవాళ్లు కూడా అదే పేరుతో అడిగి వస్తున్నారు కాబట్టి ఊరుకుంటున్నాను.

మరుసటి శుక్రవారం పొద్దున గ్యారేజీ ముందు ఆ ఆకుపచ్చ కారు మళ్లీ ఆగింది. ఏం ఊడిందో, ఏం కారుతోందో! పరుగెత్తుకెళ్లాను.

"ఇంజిన్‌లో ఏమైనా ప్రాబ్లమా సాబ్?"

"ఇంజిన్ బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు హమద్. "బాబా ఏదో అడుగుతారట."

పెద్దాయన అద్దం దించారు. మొహం కొంచెం నిండింది, రంగు వచ్చింది. కర్రతో నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అన్నారు. "మేస్త్రి, ఈసారి రెండు పెట్టు. మావాడికి కూడా కావాలట."

ఈ సంగతి రూంలో చెప్పాను. అందరూ పడి పడి నవ్వారు. సత్తిబాబు మాత్రం నవ్వలేదు. నా వంతు చపాతీ ఒకటి ఎత్తి, ఎప్పట్లాగే లైటుకు ఎదురుగా పట్టుకుని చూసి, కంచంలో పెట్టేశాడు.

"గంగారాం గారూ, ఒక్క మాటండి. ఇకమీదట మీ వంతు వచ్చిన రోజు స్టవ్ వెలిగించకండి. ఆ కారు పట్టుకొచ్చేయండి."